ఆఫీసు సైకిలు మీద డెల్టా: ధవళేశ్వరం నుంచి నరసాపురం దాకా

బయల్దేరే ముందు

గోదావరి డెల్టాలో తిరగడానికి గేర్ల సైకిలు అక్కర్లేదు. రోజూ ఆఫీసుకో బడికో బజారుకో పోయే సైకిలు చాలు. 28 అంగుళాల చక్రాల పాతకాలపు నల్ల సైకిలైనా సరే, 26 అంగుళాల లావు టైర్లదైనా సరే. ఇక్కడ ఎక్కడానికి కొండలు లేవు. ఎత్తు అంటే వంతెన, లేదంటే ఏటిగట్టు, అంతే. కాలువలకు ఇంజనీర్లు ఇచ్చిన వాలు మైలుకు కొన్ని అంగుళాలే. గట్టు ఆ కాలువను అంటిపెట్టుకుని పోతుంది కాబట్టి గట్టు మీది రోడ్డుకూ అదే వాలు. సైకిలు కోసమే చదును చేసినట్టుండే ఈ నేల మీద, పెద్దవాళ్ళు సైకిలెక్కడం మాత్రం బాగా తగ్గిపోయింది. నేల మారలేదు. మారింది రోడ్డు మీద వేగం. అందుకే ఈ అయిదు రోజుల దారి వీలైనంత వరకు హైవేని వదిలి, గట్ల మీదుగా, రేవుల మీదుగా పోతుంది. రోజుకు ముప్పై నుంచి అరవై కిలోమీటర్లు. రోజూ అయిదారు కిలోమీటర్లు తొక్కే అలవాటున్న ఒంటికి ఇది కష్టం కాదు.

డిసెంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల రోజులు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే పంట్లు, అంటే మనుషుల్నీ బండ్లనూ ఏరు దాటించే పడవలు, ఆగిపోతాయి. ఏటి నడుమ లంకల్లోకి పోయే దారులు మునుగుతాయి. ఆ వార్త వింటే బయల్దేరకండి. 1986 ఆగస్టులో ఇక్కడ నీరు 24 అడుగులు దాటింది. 2022 జూలైలోనూ మూడో హెచ్చరిక దాటి చాలా పైకి పోయింది. నవంబరుకు తుపాన్ల భయం, ఏప్రిల్ మే నెలలకు ఉక్కపోత.

ఇక గాలి. మిగతా చోట్ల కొండ చేసే పని డెల్టాలో గాలి చేస్తుంది. ఎండెక్కాక నేల వేడెక్కి, సముద్రం వైపు నుంచి గాలి లోపలికి వీస్తుంది. తెల్లవారుజామున అది ఉండదు, లేదా నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. అందుకని సముద్రం వైపు పోయే ప్రయాణం పదకొండు గంటల లోపు ముగించాలి. లోపలికి వచ్చే ప్రయాణం మధ్యాహ్నం పెట్టుకుంటే గాలి వీపున ఉంటుంది. దీన్ని చాదస్తం అనుకోకండి. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుంటే ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వీస్తే, ఒంటికి తగిలేది 33 కిలోమీటర్ల గాలి. గాలి అడ్డు వేగానికి వర్గంలా పెరుగుతుంది కనుక, ఆ అడ్డు మూడు రెట్లు పైనే అవుతుంది. అప్పుడు మొండిగా అదే వేగం పట్టుకోవాలనుకోవడం మోకాళ్ళ మీద కక్ష తీర్చుకోవడమే. వేగం పన్నెండుకు తగ్గించి, తల వంచి పోవాలి.

సైకిలు సంగతి. ముందు చైను కొలవండి. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం కాబట్టి 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. స్కేలు పెట్టి చూస్తే పన్నెండు మీద అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా సాగనిస్తే ఫ్రీవీలు (వెనక పళ్ళ చక్రం) పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, దాన్నీ మార్చక తప్పదు. లేకపోతే కొత్త చైను పాత పళ్ళ మీద జారుతుంది, అదీ సరిగ్గా వంతెన ఎక్కేటప్పుడే. చైను మధ్యలో వేలితో ఎత్తి దించితే అర అంగుళం ఆడాలి. బిగువైతే బేరింగులు అరుగుతాయి, వదులైతే గతుకుల్లో ఊడుతుంది.

నల్ల సైకిళ్ళకు చాలావాటికి ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు అయిదున్నర మీటర్లు పోతుంది. ఫ్రీవీలు 20 పళ్ళది వేయిస్తే అది 4.9 మీటర్లకు తగ్గుతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే 18 లోపు వేగం. ఈ దారికీ, ఎదురుగాలికీ, సామానుకూ అదే తగిన లెక్క. చైను పొట్టిదైతే ఒక జత లింకులు కలపాల్సి రావచ్చు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. రోజూ ఆఫీసుకు పోయేవాళ్ళు కూడా చేయించుకోదగ్గ మార్పు ఇదొక్కటే అని నా అభిప్రాయం.

పెడలు ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటుంటే కాటర్ పిన్ను, అంటే పెడలు కాడను ఇరుసుకు బిగించే మేకు, అరిగిందన్నమాట. నట్టు బిగిస్తే తాత్కాలికంగా ఊరుకుంటుంది, మళ్ళీ మొదలవుతుంది. పిన్నే మార్చాలి. సీటు ఎత్తు చూసుకోవడానికి, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనించి కాలు చాపండి. మోకాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలికి కావలసిన వంపు దానంతటదే వస్తుంది. మన ఊళ్ళలో నూటికి తొంభై మంది సీటు కిందికి పెట్టుకుని తొక్కుతారు. మోకాళ్ళ నొప్పులని సైకిలు మానేసినవాళ్ళలో చాలామందికి మందు సీటు కింద బోల్టులో ఉంది.

సంచిలో పెట్టుకోవలసినవి: ఒక కొత్త ట్యూబు, సొల్యూషన్, ప్యాచీలు, ఎమిరీ కాగితం, రెండు టైరు లీవర్లు, డంబెల్ స్పానరు, చేతిపంపు, పాతరకం వాల్వయితే నాలుగంగుళాల వాల్వు రబ్బరు ముక్క. వెనక ఎర్రలైటు తప్పనిసరి. రెయిన్‌కోటు అక్కర్లేదు.

మొదటి రోజు: ధవళేశ్వరం, లొల్ల, రావులపాలెం

ఆరు గంటలకల్లా బ్యారేజీ ఎక్కాలి. పాత ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించాడు. ఇప్పుడు మనం తొక్కేది దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ మీది రోడ్డు. నాలుగు పాయలకు అడ్డంగా నాలుగు ముక్కలు: ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39, కలిపి 175. కోనసీమకు పోవాలంటే మొదటి రెండు ముక్కలు దాటి బొబ్బర్లంక దగ్గర ఎడమకు తిరగాలి. రోడ్డు ఇరుకు. ఏడు దాటితే బస్సులూ ఇసుక లారీలూ మొదలవుతాయి. పైగా నీటి మీంచి వచ్చే పక్కగాలి సైకిలును నెడుతుంది. గట్టు గోడకు మరీ దగ్గరగా పోకుండా, మూడడుగులు వదిలి పొండి. అంచున ఇసుక పేరుకుని ఉంటుంది, సన్న టైరు అందులో పడితే హ్యాండిలు మాట వినదు.

బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా కాలువ పక్కనే దారి. ఇక్కడి నుంచి తొక్కడంలో సుఖం తెలుస్తుంది. ఒకవైపు నీళ్ళు, ఒకవైపు వరి, అరటి, పైన నీడ. ఈ కాలువలు తవ్వింది సాగుకే కాదు, పడవలకూ. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. నీటిమట్టం మారే చోట పడవను ఒక తొట్టిలో నిలిపి, తలుపులు మూసి, నీరు నింపో వదిలో పైకో కిందికో చేర్చే ఏర్పాటు అది. గట్టు మీద మనుషులు నడుస్తూ తాళ్ళతో పడవలు లాగేవారు. రైలూ రోడ్డూ వచ్చాక పడవలు పోయాయి, గట్టు మిగిలింది. ఒకప్పుడు మనిషి నడకకు తగినట్టు వేసిన దారి కాబట్టే ఇప్పటికీ సైకిలుకు సరిపోతోంది. దీన్ని వెడల్పు చేసి రెండు వరసల రోడ్డు వేస్తామంటే ఊళ్ళవాళ్ళు సంతోషిస్తారు గానీ, ఆ మర్నాటి నుంచి బడిపిల్లలు దీని మీద సైకిలు తొక్కలేరు.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇళ్ళ ముందు ఆగండి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి గుడ్డను బియ్యప్పిండి నీళ్ళలో ముంచి కుండ మీద లాగితే, గుడ్డ అటు దాటేలోపే రేకు లేస్తుంది. దాన్ని రెండు చేతులతో ఒడుపుగా ఎత్తి పక్కన పెడుతుంది ఆవిడ, మళ్ళీ గుడ్డ ముంచుతుంది. కొనుక్కుంటే అక్కడే తినేయండి. వెనక క్యారియర్ మీద కట్టిన పెట్టె సాయంత్రానికి పొడిగా మారుతుంది. తప్పదంటే భుజాన వేలాడే సంచిలో పెట్టుకోండి. ఒళ్ళు గతుకుల్ని మింగుతుంది, క్యారియర్ మింగదు.

శనివారం అయితే ఈ దారి మానండి. వాడపల్లి వెంకటేశ్వరస్వామికి ఏడు శనివారాల మొక్కు తీర్చుకునే జనంతో రోడ్డు కిటకిటలాడుతుంది. రావులపాలెం చేరేసరికి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. పదిన్నరకల్లా అయిపోవాలి.

రెండో రోజు: రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం, అంబాజీపేట, అమలాపురం

పొద్దున్నే అరటి మార్కెట్ చూడండి, గెలలు కట్టిన సైకిళ్ళ కోసం. సైకిలు మీద బరువు ఎలా వెయ్యాలో ఇంతకంటే బాగా నేర్పే చోటు లేదు. గెలలు క్యారియర్‌కు రెండు పక్కలా కిందికి వేలాడతాయి, తొడిమ ముందుకు, బరువు వెనక ఇరుసుకు వీలైనంత దగ్గరగా. ఎత్తుగా పేర్చిన బరువు ఊగి పడేస్తుంది. వెనక్కి జరిగిన బరువు ముందు చక్రాన్ని లేపుతుంది. చాలామంది ఎక్కి తొక్కరు, నెట్టుకుంటూ నడుస్తారు. ఆఫీసు సంచిని క్యారియర్ పైన కట్టుకునేవాళ్ళు దాన్ని పక్కకు వేలాడదీసి చూస్తే తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

కొత్తపేట దారిలో గట్ల మీద తుమ్మచెట్లుంటాయి. కంపలు కొట్టిన రోజుల్లో ముళ్ళు రోడ్డు మీద రాలి ఉంటాయి, కనుక పంక్చరు పడేది ఈరోజే అనుకోవచ్చు. ఊరి మొదట్లో కానుగచెట్టు కింద ఒక సైకిలు కొట్టు ఏ పల్లెలోనైనా దొరుకుతుంది. ఆ పని దగ్గరుండి చూడండి, ఇంట్లో చేసుకోవడానికి పనికొస్తుంది. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తే అక్కడ పుల్లతో గుచ్చి గుర్తు పెడతాడు. తుడిచి, ఎమిరీ కాగితంతో పైసా బిళ్ళ కంటే రెండింతలు వెడల్పున రుద్దుతాడు, పైపైన మెరుపు పూర్తిగా పోవాలి. సొల్యూషన్ పల్చగా రాసి పక్కన పెట్టి, ఈలోగా టైరు లోపల చేత్తో తడుముతాడు. ముల్లు అక్కడే ఉంటుంది. చాలామంది ఇంట్లో చేసే తప్పు ఇక్కడే: ట్యూబుకు అతుకు వేస్తారు, టైరులో ముల్లు వదిలేస్తారు, పావుగంటలో మళ్ళీ గాలి పోతుంది. రెండో తప్పు తొందర. సొల్యూషన్ వేలికి అంటుకోకుండా ఆరేదాకా, అంటే నాలుగైదు నిమిషాలు, ఆగాలి. తడి మీద వేసిన ప్యాచీ గాలి నింపగానే జారుతుంది. చెమట వేలు తగిలినా అంటదు, డెల్టా ఉక్కలో ఇదొక బెడద. మూడోది, ట్యూబు మడత టైరు అంచు కింద ఇరుక్కోవడం. కొంచెం గాలి నింపి, చుట్టూ తిప్పి, అంచులు రెండు పక్కలా సరిగ్గా కూర్చున్నాయో లేదో చూశాకే పూర్తిగా కొట్టాలి.

"మరీ బిగదీసి కొట్టకండి బాబూ, ఎండలో ఉబ్బుద్ది," అంటాడు కొట్టాయన. ఆయన మాటలో సగమే నిజం. ఎండకు గాలి వ్యాకోచిస్తుంది గానీ, మంచి టైరును పేల్చేంత కాదు. నీరసంగా ఉన్న టైరే ఎక్కువ చేటు: గోతిలో పడితే రిమ్ము అంచు ట్యూబును కొరికి పాముకాటులా పక్కపక్కన రెండు చిల్లులు పెడుతుంది. 28 × 1½ టైరుకు 50 పౌండ్ల దరిదాపు, 26 అంగుళాల లావు టైరుకు 40 నుంచి 50 పౌండ్లు సరైన గాలి. గేజీ లేకపోతే బొటనవేలితో గట్టిగా నొక్కండి, కాస్తంతే లొంగాలి. సీటు మీద కూర్చున్నప్పుడు వెనక టైరు నేలను తాకే చోట కొద్దిగా ఉబ్బాలి.

పి.గన్నవరంలో కాలువే ఏటిని దాటుతుంది. వైనతేయ పాయ మీద అక్విడక్టు కట్టి, నగరం లంకకు నీళ్ళు పంపారు కాటన్ కాలపు ఇంజనీర్లు. దాని పక్కనే కొత్తగా కట్టినదానికి, ఆ ప్రాంతంలో అడిగినవాడికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కింద ఏరు, పైన కాలువ, రెండూ వేరు వేరు దిక్కులకు.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారానికి కేంద్రం. వలిచిన పీచు రోడ్ల మీద పడి ఉంటుంది. అది ఫ్రీవీలుకూ చైనుకూ చుట్టుకుంటే పెడలు వెనక్కి తిప్పినప్పుడు పట్టేస్తుంది. లాగకండి, చాకుతో కోసి తియ్యండి. కోనసీమలో కొబ్బరినూనెకు కొదవ లేదు కదా అని చైనుకు పొయ్యడం మాత్రం వద్దు. రెండు రోజుల్లో దుమ్ము పట్టి జిగురవుతుంది, చలికి గడ్డకడుతుంది. కుట్టు మిషను నూనె మరీ పల్చన, ఒక వానకే పోతుంది. ఆటో షాపులో దొరికే గేరు ఆయిలు ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పెడలు ఇరవై చుట్లు వెనక్కి తిప్పి, పైన మిగిలింది గుడ్డతో పూర్తిగా తుడవండి. నూనె కావలసింది లోపలి పిన్నుకు, పైన మెరుపుకు కాదు.

కనుమ రోజున ఈ చుట్టుపక్కల సైకిలుకు చోటుండదు. జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. భుజాల మీద ప్రభలు మోస్తూ చేలల్లోంచి, కౌశిక ఏటి నీళ్ళలోంచి వచ్చే జనం. చూడాలనుంటే సైకిలు ఊళ్ళో వదిలి నడవండి. రాత్రికి అమలాపురం. ఈరోజు నలభై అయిదు కిలోమీటర్ల దాకా.

మూడో రోజు: ముక్తేశ్వరం రేవు, కోటిపల్లి, ద్రాక్షారామం, యానాం

అయినవిల్లి మీదుగా ముక్తేశ్వరం రేవుకు. గోదావరి పాయ గౌతమి ఇక్కడ వెడల్పు. పంటు మీద సైకిలు ఎక్కించేటప్పుడు దిగి నెట్టండి, రేకుల ర్యాంపు తడిగా ఉంటే చెప్పుతో సహా జారుతుంది. ఎక్కాక స్టాండు వెయ్యకండి. ఒడ్డు వదలగానే ఊగుతుంది, పక్క బండి మీద పడుతుంది. రెండు బ్రేకులూ నొక్కి, సీటుకు నడుం ఆనించి నిలబడితే చాలు. నీరు తక్కువున్న రోజుల్లో ఇసుక మేటల వల్ల పంటు చుట్టూ తిరిగి పోతుంది, రేవు కూడా దూరంగా జరుగుతుంది. ఇసుకలో నెట్టే ఆ దూరాన్ని లెక్కలో వేసుకోండి. పంటు నిండితేగాని కదలదు. కారులో వచ్చినాయన గడియారం చూసుకుంటూ, పాలక్యాన్ల సైకిలాయన బీడీ వెలిగించుకుంటూ, ఇద్దరూ ఒకే నిమిషానికి అవతల దిగుతారు. మన బతుకుల్లో వేగం కోసం పెట్టే ఖర్చులో ఎంత భాగం ఇలాంటి ఏదో ఒక రేవు దగ్గర నిలబడడానికి పోతోందో లెక్క కట్టేవాళ్ళు తక్కువ. ఊళ్ళో అయిదు కిలోమీటర్లకు సైకిలు పదిహేడు నిమిషాలు, ముప్పై వేగంతో పోయే బండి పది నిమిషాలు. ఆ మిగిలిన ఏడు నిమిషాల్లో రైలుగేటుకో పెట్రోలుబంకుకో రోజూ కొన్ని పోతూనే ఉంటాయి.

కోటిపల్లి నుంచి ద్రాక్షారామం పదికి పైగా కిలోమీటర్లు, చల్లటి దారి. పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరాలయం చూసుకుని, మధ్యాహ్నం నీడన ఆగండి. ఉక్కలో గంటకు అర లీటరు నీళ్ళు కనీసం. కొబ్బరిబోండాం మంచిదే గానీ చెమటలో పోయే ఉప్పు అందులో తక్కువ, పొటాషియమే ఎక్కువ. బోండాంతో పాటు ఉప్పేసిన మజ్జిగ ఒక గ్లాసు తాగితే పిక్కలు పట్టెయ్యవు.

ఇక్కడి నుంచి యానాం దారి సముద్రం వైపు. అంటే మధ్యాహ్నం గాలి ఎదురు. మూడో రోజున ఇదొక్కటే ఇబ్బంది. నాలుగు దాటాక, గాలి మందగించే వేళ బయల్దేరి చీకటి లోపు చేరడం మేలు. ఆలస్యమై చీకటి పడితే ముందూ వెనకా లైట్లు రెండూ వెలగాలి. కాలువ గట్టు మలుపుల్లో ఎదుటి బండి హెడ్‌లైట్ కళ్ళలో కొడితే రోడ్డు అంచు కనపడదు. అప్పుడు ఆగిపోవడం పిరికితనం కాదు, కాలువ లోతు అలాంటిది. యానాం పుదుచ్చేరి పాలనలో ఉన్న ఊరు, 1954 దాకా ఫ్రెంచివారిది. ఏటి ఒడ్డున సాయంత్రం నడవడానికి బాగుంటుంది.

నాలుగో రోజు: ఎదుర్లంక వంతెన, ముమ్మిడివరం, బోడసకుర్రు, రాజోలు

ఈ అయిదింటిలో నచ్చని రోజు ఇదే. 216వ నంబరు జాతీయ రహదారి తప్పదు, పైగా అరవై కిలోమీటర్లు. అయిదింటికే లేవాలి. బాలయోగి పేరున్న ఎదుర్లంక వంతెన మీద ఎక్కేటప్పుడు పరుగు లాభం లేదు. ఎత్తు మొదలవకముందే వేగం ఓ మాదిరిగా పెట్టుకుని, సీటు మీద కొంచెం వెనక్కి జరిగి, చేతులు వదులుగా పట్టుకుని తొక్కండి. లేచి నిలబడి తొక్కితే అరిగిన కాటర్ పిన్నూ, సాగిన చైనూ అప్పుడే బయటపడతాయి. దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే నొక్కవద్దు. క్రోమియం రిమ్ములున్న సైకిళ్ళకు మంచు తడిలో బ్రేకు పట్టే దూరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. దిగుడు మొదట్లోనే మెల్లగా నొక్కి రిమ్ము తుడిచినట్టు చేస్తే, అవసరమైనప్పుడు పడుతుంది.

హైవే మీద తెల్లగీతకు ఎడమగా పొండి గానీ, మట్టిలోకి దిగకండి. తారు అంచుకూ మట్టికీ మధ్య రెండు మూడంగుళాల మెట్టు ఉంటుంది. దిగడం సులువు, అదే కోణంలో ఎక్కబోతే చక్రం పట్టుకుని పడేస్తుంది. ఎక్కాలంటే ఆగి ఎక్కాలి, లేదా చక్రాన్ని బాగా అడ్డంగా తిప్పి ఎక్కించాలి. కుడి హ్యాండిలుకు ఒక చిన్న అద్దం బిగించుకుంటే లారీ వచ్చే ముందే తెలుస్తుంది. లారీ దాటిపోతుంటే మొదట గాలి బయటికి నెడుతుంది, వెంటనే లోపలికి లాగుతుంది. ఆ క్షణం హ్యాండిలు గట్టిగా, మోచేతులు వంచి పట్టుకోండి. చేపల లారీల నుంచి కారే ఉప్పునీళ్ళు తారు మీద జారుడు చేస్తాయి, చైనుకు తుప్పు పట్టిస్తాయి. వాటి వెనకాల పోవద్దు.

కోతల కాలంలో వస్తే మరో చిక్కు. రోడ్డు సగం మీద వడ్లు ఆరబోస్తారు, అంచున రాళ్ళు పేరుస్తారు. గింజల మీద బ్రేకు వేస్తే గోళీల మీద వేసినట్టే, కనుక తిరక్కుండా, బ్రేకు వెయ్యకుండా నేరుగా దాటాలి. రైతును విసుక్కుని లాభం లేదు, ఆయనకు కళ్ళం లేదు, మనకు పక్కదారి లేదు.

ముమ్మిడివరానికి ముందే మురమళ్ళ, వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం జరిగే చోటు. అమలాపురంలో టిఫిను చేసి బోడసకుర్రు వంతెన ఎక్కితే అవతల పాశర్లపూడి. 1995 జనవరిలో ఇక్కడ గ్యాసు బావి పేలి 65 రోజులు మండింది. నాలుగు దారుల్లోనూ పైపులైన్ల హెచ్చరిక బోర్డులు కనబడుతూనే ఉంటాయి. వంట గ్యాసు, పెట్రోలు గురించి ఏ చర్చ వచ్చినా, దూరంగా ఎక్కడో గల్ఫులో జరిగే సంగతిలా మాట్లాడతాం. కోనసీమవాళ్ళకు ఆ చర్చ పెరటి గోడ అవతలే ఉంది. ఇక్కడి బడి గేటు దగ్గర వరసగా నిలబెట్టిన అమ్మాయిల సైకిళ్ళు చూస్తే, ఇంధనం ఖర్చు లేకుండా రోజూ నడిచే రవాణా ఇంకా ఎవరి చేతుల్లో ఉందో తెలుస్తుంది. ప్రభుత్వ బడుల అమ్మాయిలకు సైకిళ్ళిచ్చిన బడికొస్తా పథకం లాంటివి ఈ నేల మీద బాగా పనికొచ్చాయి. పదో తరగతి దాటగానే ఆ సైకిళ్ళు పెరట్లోకి పోవడానికి కారణం దూరం కాదు. కాలేజీ ఉండేది హైవే పక్కన.

అయిదో రోజు: రాజోలు, మలికిపురం, అంతర్వేది, నరసాపురం

చివరి రోజు పొద్దున్న గాలి లేకుండానే సముద్రం చేరాలి. రాజోలు నుంచి మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది ముప్పై కిలోమీటర్ల లోపే. కొబ్బరితోటలు పలచబడి రొయ్యల చెరువులు మొదలవుతాయి. దారంతా చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు. లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర సైకిలు పెట్టి తాళం వేసి, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి నడిచి పొండి. భీష్మ ఏకాదశి నాటి కల్యాణం రోజుల్లో మాత్రం ఊళ్ళోకి సైకిలు తేవడం దండగ.

సైకిలును ఇసుకలోకి దించకండి. తడి ఇసుక గట్టిగా ఉండి తొక్కబుద్ధేస్తుంది, ఫొటోకు బాగుంటుంది. కానీ ఆ నీరు పెడళ్ళ ఇరుసుల్లోకీ, చక్రాల నడుమ ఉండే హబ్బుల్లోకీ పోతే గ్రీజు కడిగేస్తుంది. వారం తర్వాత ఆఫీసు దారిలో చక్రం తిప్పితే కరకరమంటుంది. చూసేవాళ్ళు చైను అనుకుంటారు, నిజానికి హబ్బులో బాల్సు (ఇనుప గుళ్ళు) గుంటలు పడి ఉంటాయి. అప్పటికి ఆ గుళ్ళను పట్టి ఉంచే కోన్‌లు కూడా మార్చాలి. దించేసుంటే అదే రోజు ఒక బకెట్టు మంచినీళ్ళు మెల్లగా పోసి కడగండి. గొట్టంతో ఒత్తిడిగా కొట్టొద్దు, ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. గుడ్డతో తుడిచి, ఎండలో అరగంట ఉంచి, చైనుకు నూనె వెయ్యండి. ఇంటికొచ్చాక రెండు హబ్బులూ, మధ్య ఇరుసూ విప్పించి, కిరసనాయిల్‌తో కడిగించి, కొత్త గ్రీజు పెట్టించండి. మధ్య ఇరుసులోనూ వెనక హబ్బులోనూ పావంగుళం బాల్సు, ముందు హబ్బులో అంతకంటే చిన్నవి. కలిపేస్తే చక్రం ఊగుతుంది.

సఖినేటిపల్లి రేవులో మళ్ళీ పంటు, అవతల నరసాపురం. అల్లికల లేసుకు పేరున్న ఊరు. రైలు ఇక్కడితో ఆఖరు కాబట్టి బండి స్టేషన్లో చాలాసేపు నిలబడి ఉంటుంది, సామాను ఎక్కించడానికి తొందర ఉండదు. సైకిలును పెట్టెలోకి తీసుకుపోనివ్వరు, పార్శిలు ఆఫీసులో టిక్కెట్టు చూపించి బుక్ చేయించాలి. సామాను పెట్టె ఉన్న బండి ఏదో ముందే అడగండి, లోకల్ బండ్లు కొన్నింటికి ఉండదు. గంటన్నర ముందు చేరుకోండి. ఒక అట్టముక్క మీద పేరు, ఎక్కే స్టేషను, దిగే స్టేషను పెద్దక్షరాలతో రాసి ఫ్రేముకు వైరుతో కట్టండి, దారం తెగిపోతుంది. పంపు, సీసా, లైటు, అద్దం విప్పి మీ సంచిలో వేసుకోండి. పెడళ్ళు తీసేస్తే ఇంకా మంచిది: కుడి పెడలు మామూలుగా, ఎడమ పెడలు సవ్య దిశలో తిప్పితే వదులవుతుంది. రసీదు భద్రం. దిగే స్టేషన్లో బండి కొద్ది నిమిషాలే ఆగుతుందంటే, ఆగకముందే సామాను పెట్టె వైపు నడవడం మొదలుపెట్టండి.